వార్తలును తూకపు చీటియు



ఇటీవల సంఘపు పనిమీద మేము హైదరాబాదు నగరమునకు పోవలసివచ్చినది. విజయవాడ మార్గమున వచ్చిన బస్సు మమ్ము ఎల్.బి. నగర్ కూడలిలో దింపినది. అచ్చట మెట్రో రైలెక్కి దిల్‌సుఖ్‌నగర్ చేరి, పని ముగించుకొని, తిరిగి వచ్చుచు కొత్తపేటలో ఒక చాయ హోటలునందు గడియసేపు కూర్చుంటిమి. ఆ హోటలులో ఇరువదిమంది వరకు నుండిరి. ఆటో నడుపువారు, హాస్టళ్లలో నుండి చదువుకొను పిల్లలు, చిన్న వర్తకులు, పల్లెలనుండి వచ్చిన రైతులు, అందరును కలసి లోకవార్తలను చర్చించుచుండిరి. మెట్రో రైలును ప్రభుత్వము తీసికొనుట మంచిదా చెడ్డదా యని ఒకడు, అమెరికా దేశము మన సరకులపై వేసిన సుంకమును గూర్చి మరియొకడు, మనుష్యునివలె మాటలాడు యంత్రములు మన పిల్లల ఉద్యోగములను మ్రింగివేయునని వేరొకడు, ఎవరికి తోచినట్లు వారు తీర్పులు చెప్పుచుండిరి.

వారిలో నల్లగొండ ప్రాంతపు రైతు ఒకడు మిక్కిలి చక్కగా మాటలాడెను. బత్తాయి తోట గలవాడు. ముందటి రాత్రి కాయను మార్కెట్టుకు తెచ్చి, తెల్లవారి అమ్మి, ఊరికి పోవుటకు ముందు దిల్‌సుఖ్‌నగర్‌లో చదువుకొనుచున్న కుమారుని చూచుటకు వచ్చెనట. అమెరికా సుంకము ఏ దినమున ఎంత హెచ్చినదో అంకెలతో చెప్పెను. అతని జ్ఞాపకశక్తికి మేము సంతోషించితిమి. తరువాత మాటలలో, "ఈసారి కాయ ఎన్ని టన్నులు తూగినది?" అని అడిగితిమి. అతడు జేబులో చేయిపెట్టి తక్‌పట్టీ తీసి మా చేతికిచ్చి, "చూడుండ్రి సారూ, అడ్తిదారు రాసిచ్చిండు, నేను తెచ్చుకున్న" అనెను. అతడు దానిని అప్పటివరకు చదువలేదు.

ఆ జేబులోనే మరియొక చీటి యుండెను. బండి కిరాయి బరువును బట్టి యిచ్చుటకై ఊరి ప్రక్కనున్న కాంటాపై తూచినప్పుడు వారిచ్చిన చీటి అది. అందులో కాయ బరువు 3 టన్నుల 120 కిలోలు. తక్‌పట్టీలో 2 టన్నుల 900 కిలోలు. రెండు చీటీలు ఒకే జేబులో, ఒకదానినొకటి ఆనుకొని, రాత్రినుండి ప్రయాణము చేయుచున్నవి. వానిని ప్రక్కప్రక్కన పెట్టి చూచినవారు లేరు. ఒక రాత్రి ప్రయాణములో కాయ కొంత ఆరుట నిజమే. ఎంత ఆరినను 220 కిలోలు ఆరదు. టన్ను 18,000 రూపాయల చొప్పున అమ్మిన కాయ యగుటచే, ఆ 220 కిలోల వెల 3,960 రూపాయలు. ఇదిగాక కమీషను, హమాలీ, వానిక్రింద 'ఇతరములు' అను పేర 400 రూపాయలు. ఇతరములనగా ఏమని అడుగగా ఆ రైతు నవ్వి, "అది ఎప్పుడు రాస్తనే ఉంటరు సారూ" అనెను.

ఆ మార్కెట్టు ఏదో, ఆ అడ్తిదారు ఎవరో చెప్పుట మా ఉద్దేశము కాదు. ఆ రైతును ఎగతాళి చేయుటయు మా ఉద్దేశము కాదు. అమెరికా సుంకమువలన అతని బత్తాయికి వచ్చిన నష్టము మాకు కనబడలేదు. 220 కిలోల వలన వచ్చిన నష్టము కనబడినది. మొదటిదానిని గూర్చి అతనికి దృఢమైన అభిప్రాయము గలదు. రెండవదానిని గూర్చి ఏ అభిప్రాయమును లేదు. ఈ వ్యత్యాసమును గూర్చియే ఈ నెల మేము మీతో ముచ్చటింపదలచితిమి.

రైతునకు లోకవార్తలెందుకని అనువారిలో మేము చేరము. మేము చదివిన మిషను పాఠశాలలో ఒక ఉపాధ్యాయుడు వారమునకొకమారు వార్తాపత్రికను తెచ్చి, ఒక వార్తను మాచేత చదివించి, దానిక్రింద మూడు ప్రశ్నలకు జవాబులు వ్రాయించెడివాడు. ఇది మన ఊరికి ఏ దారిన వచ్చును? వచ్చినచో ఎవరి చేతిలోని డబ్బు ఎవరి చేతికి పోవును? మనము చేయదగిన పని యేమి? మూడవ ప్రశ్నకు జవాబు దొరకని వార్తను వినోదముగా చదివి విడిచిపెట్టుడనియు, దొరకిన వార్తను ఆ సాయంత్రమే ఇంటిలో చెప్పుడనియు ఆయన బోధించెడివాడు. అప్పుడది మాకు విసుగు పుట్టించెను. ఇన్ని సంవత్సరములు పొలముల వెంట తిరిగిన తరువాత, అంతకు మించిన పత్రికాపఠన విధానము మాకు దొరకలేదు. ఆ మూడు ప్రశ్నలతోనే హోటలులో విన్న సంగతులను ఒక్కొక్కటిగా పరీక్షింతము.

మొదట ఆ హోటలున్న చోటునే చూతము. దిల్‌సుఖ్‌నగర్ ఒకప్పుడు సేద్యపు భూమి. దిల్‌సుఖ్ రాం పర్షాద్ అను జాగీర్దారు తన భూమిని ఇండ్ల స్థలములుగా విభజించుటచే ఆ పేరు వచ్చినదందురు. ఎల్.బి. నగర్ అనగా లాల్ బహదూర్ నగర్. సైనికునితోపాటు రైతునకును జయము పలికిన ప్రధానమంత్రి పేరు అది. ఎల్.బి. నగర్, గడ్డిఅన్నారం మునిసిపాలిటీలు రెండును 2007 సంవత్సరమున హైదరాబాదు మహానగరములో కలసిపోయినవి. 2018 సెప్టెంబరు 24వ తేదీన అమీర్‌పేటనుండి ఎల్.బి. నగర్ వరకు మెట్రో రైలు వచ్చినది. ఈ రెండు పేటల నడుమ, కొత్తపేటలో, 1986 సంవత్సరమునుండి గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు నడిచెను. మామిడి, బత్తాయి, దానిమ్మ, పుచ్చ, ఏ కాలపు పండైనను మన ప్రాంతపు రైతు లారీ మొదట అచ్చటికే పోయెడిది.

2020 సంవత్సరమున కరోనా వ్యాధి ప్రబలినప్పుడు ఆ మార్కెట్టును తాత్కాలికముగా కోహెడకు మార్చిరి. ఆ మే నెలలో గాలివానకు అచ్చటి షెడ్లు కూలినవి. 2021 అక్టోబరులో కొత్తపేట మార్కెట్టును మూసి, వ్యాపారమును విజయవాడ మార్గముననున్న బాటసింగారమునకు తరలించుటకు ప్రభుత్వము నిశ్చయించెను. వర్తకులు సంఘముగా కూడి హైకోర్టు నాశ్రయించిరి. కొంత గడువును సంపాదించిరి. 2022 మార్చిలో పాత కట్టడములను కూల్చివేసిరి. ఆ యేడు ఏప్రిల్ 26వ తేదీన అదే స్థలమున పెద్ద ఆసుపత్రికి శంకుస్థాపన జరిగినది. కోహెడలో శాశ్వతమైన మార్కెట్టు కట్టవలెనని సంకల్పము.

దీనిని గూర్చి హోటలులో రెండు పక్షములుండెను. మార్కెట్టు పోవుటచే వీధులు శుభ్రపడెనని ఒక పక్షము. పేదలకు బేరము పోయెనని మరియొక పక్షము. ఆసుపత్రి రైతునకును కావలసినదే, నగరములో వైద్యమునకై తిరుగువారిలో సగము మన పల్లెలవారే యనిపించును. లారీలు నగరము బయటనే ఆగుట వలన దారి కలసివచ్చు రైతులును గలరు. కావున తరలింపు మంచిదా చెడ్డదా యను వాదములో మేము దిగము. మా మనస్సును బాధించిన సంగతి వేరొకటి. వర్తకులకు సంఘముండెను, వకీలు నుంచుకొనిరి, గడువు తెచ్చుకొనిరి. కొనువారి మాట పత్రికలలో వచ్చెను. ఆ మార్కెట్టును ముప్పదియైదు సంవత్సరములు తన కాయతో పోషించిన రైతు పక్షమున, సంఘముగా నిలిచి, "మాకు నీడయెక్కడ, నీరెక్కడ, రాత్రి దిగిన రైతు పడుకొనుటకు చోటెక్కడ, కాంటా ఎవరి అధీనమున నుండును?" అని అడిగిన గొంతు మాకు వినబడలేదు. ఎవరో మనలను నిర్లక్ష్యము చేసిరని ఏడ్చుటకు ముందు, మనము ఒక్కచోట కూడి అడిగితిమా యని ఆలోచింపవలెను.

ఇక వ్యాపార వార్తలు. 2025 సెప్టెంబరు 22వ తేదీనుండి వస్తు సేవల పన్ను రేట్లు మారినవి. ట్రాక్టర్లపై పన్ను నూటికి 12 నుండి 5కు తగ్గినది. ట్రాక్టరు టైర్లపై 18 నుండి 5కు తగ్గినది. బిందుసేద్యపు పరికరములపై 12 నుండి 5కు తగ్గినది. ఈ వార్త విని ఒక పార్టీవారు పొగడిరి, ఒక పార్టీవారు ఇన్నాళ్లేల వేసితిరని తిట్టిరి. పొగడ్తయు తిట్టును రైతు సంచిలో పడవు. మన మూడవ ప్రశ్నను అడుగుదము. పన్నుకు ముందు 50,000 రూపాయలు వెలగల బిందుసేద్యపు సామాను కొనువాడు పూర్వము 6,000 రూపాయలు పన్ను చెల్లించెడివాడు. ఇప్పుడు 2,500 చెల్లింపవలెను. మిగులు 3,500. ఈ మిగులు రైతునకు దక్కినదా, అంగడివాడు అసలు వెలను పెంచి తానే యుంచుకొనెనా యనునది ప్రధానమంత్రి ఉపన్యాసములో దొరకదు. బిల్లులో దొరకును. పాత బిల్లు, కొత్త బిల్లు రెండును ప్రక్కన పెట్టుకొని, పన్ను వేయకముందటి వెల ఎంతయో చూడుడు. బిల్లు లేకుండ కొన్నవానికి ఈ వార్త ఏ విధముగను ఉపయోగపడదు.

ప్రత్తి సంగతి చూడుడు. 2025 ఆగస్టు 19వ తేదీన విదేశపు ప్రత్తిపై నున్న నూటికి 11 వంతుల దిగుమతి సుంకమును కేంద్ర ప్రభుత్వము ఎత్తివేసెను. మొదట సెప్టెంబరు ఆఖరువరకనిరి, తరువాత డిసెంబరు 31 వరకు పొడిగించిరి. అదే ఆగస్టు 27వ తేదీన అమెరికా మన సరకులపై సుంకమును 50 వంతులు చేసెను. బట్టల మిల్లులకు అమెరికా బేరము కష్టమగుటయు, వారికి చవుక ప్రత్తి కావలసి వచ్చుటయు, మన రైతు ప్రత్తి ఏరు సమయముననే విదేశపు ప్రత్తి సుంకము లేక ఓడలలో దిగుటయు, ఈ మూడును అప్పుడు ఒకే త్రాటిపై నుండెను. కావున ప్రత్తి రైతునకు ఈ వార్త వినోదము కాదు. దీనిని గూర్చి కోపగించుటకు అతనికి హక్కు గలదు. మిల్లువాని కష్టమునకు రైతు వెల తగ్గించుట మందు కాదని మా అభిప్రాయము. ఆ మాటను సంఘముల ద్వారా తీర్మానములుగా పంపవలెను.

అయినను ఆ త్రాడుయొక్క ఇవతలి కొన మన చేతిలోనే యున్నది. 2025-26 పంటకు కేంద్రము ప్రకటించిన మద్దతు ధర మధ్యరకమునకు క్వింటాలు 7,710 రూపాయలు, పొడవు పింజకు 8,110 రూపాయలు. ప్రత్తి సంస్థవారు తేమ నూటికి 8 ఉన్నచో పూర్తి ధర ఇత్తురు. 12 దాటిన కొనరు. బయట వెల పడిపోయిన యేటనే ఈ కొనుగోలు కేంద్రము ముఖ్యము. ఆ యేటనే తేమవలన వెనుకకు వచ్చిన బండ్లును అధికము. మంచు ఆరిన తరువాత ఏరి, రెండు దినములు గచ్చుమీద పలుచగా ఆరబోసి, పూడిక సంచులలో కుక్కక తెచ్చిన ప్రత్తిని తేమ పేరిట తిప్పి పంపుట కష్టము. సుంకమును మార్చుట ఢిల్లీలోని పని. తేమను మార్చుట మన కల్లములోని పని. మొదటిదానికై అర్జీ పంపుచునే రెండవదానిని చేయవలెను.

పిమ్మట యంత్రములను గూర్చి. దిల్‌సుఖ్‌నగర్ వీధులలో కంప్యూటరు విద్య నేర్పు సంస్థల బోర్డులు మేడలనిండ వ్రేలాడుచున్నవి. ఆ మేడలలో చదువుకొను పిల్లలలో అనేకులు రైతుబిడ్డలు. బత్తాయి రైతు కుమారుడును ఆ హోటలుకే వచ్చెను. మర్యాదగల పిల్లవాడు. కృత్రిమ మేధ యను యంత్రము 2022 నవంబరు ఆఖరున చాట్‌జీపీటీ రూపమున వెలువడినది మొదలు తనవంటివారి ఉద్యోగములేమగునో యని అతనికి దిగులు. ఆ దిగులును మేము తేలికగా తీసివేయము. తండ్రి కాయ అమ్మిన డబ్బు అతని ఫీజు కట్టుచున్నది.

ఆ పిల్లవాడు మా యెదుటనే ఫోనులో ఆ యంత్రమును అడిగెను, బత్తాయి ఆకులు పసుపుబారినచో ఏమి చేయవలెనని. యంత్రము మంచి తెలుగులో తడవకొనక జవాబిచ్చెను. నత్రజని వేయుమనెను, జింకు చల్లుమనెను, ఇనుపధాతువు చల్లుమనెను, నీరు తగ్గించుమనెను. ఒక్కొక్కటియు ఒక్కొక్క తోటకు సరియైన మాటయే. అన్నియు ఒకే తోటకు సరియైనవి కావు. ముదురాకులు మొదట పసుపుబారినచో నత్రజని తక్కువ. లేతాకులు చిన్నవై, ఈనెల నడుమ పసుపుబారినచో జింకు తక్కువ. లేతాకులలో ఈనెలు మాత్రము సన్నగా పచ్చగా నిలిచి తక్కినదంతయు పాలిపోయినచో ఇనుము తక్కువ. ఏ ఆకు మొదట పసుపుబారినదో యంత్రము అడుగలేదు, పిల్లవాడు చెప్పలేదు. తండ్రికి మాత్రము తెలియును. ప్రతి ఉదయము ఆ చెట్ల క్రింద తిరుగువాడు ఆయన.

మా అభిప్రాయమిది. యంత్రమును అడుగుట తప్పు కాదు. అడుగుటకు ముందు చెట్టును చూడకపోవుట తప్పు. యంత్రము చెప్పిన మందును డబ్బా మీది లేబులుతో సరిచూడకుండ చల్లుట పెద్ద తప్పు. డబ్బాపై చతురస్రములో రంగు త్రికోణముండును. ఎరుపు అత్యంత విషము, పసుపు అధిక విషము, నీలము మధ్యమము, ఆకుపచ్చ స్వల్పము. ఏ పంటకు, ఎంత మోతాదు, చల్లిన తరువాత ఎన్ని దినములకు కోయవలెనో లేబులులో వ్రాసియుండును. సందేహమున్నచో కిసాన్ కాల్ సెంటరు వారిని 1800-180-1551 నంబరున ఉచితముగా తెలుగులోనే అడుగవచ్చును. పిల్లవానితో మేము చెప్పిన మాటయు ఇదియే. నీ చదువు, మీ నాయన చూపు, రెండును కలసినచోట నీకు పని దొరకును. యంత్రమునకు సరియైన ప్రశ్న వేయగలవాడు ఇంకను కరవే.

ఫోనుద్వారా డబ్బు చెల్లించు పద్ధతి 2016 సంవత్సరమున వచ్చినది. నేడు ఎల్.బి. నగర్ కూడలిలో మొక్కజొన్న కంకులమ్మునామె బండికి సైతము దాని బిళ్ల అతికించియున్నది. అడ్తిదారు డబ్బును బ్యాంకు ఖాతాకు గాని, ఫోనుకు గాని పంపుట రైతునకు మేలే. చెల్లించిన మొత్తమునకు సాక్ష్యముండును. కాని ఆ సాక్ష్యము మొత్తమునకే, తూకమునకు కాదు. డబ్బు ఫోనులో పడెను గదా యని తక్‌పట్టీ అడుగుట మానినవారిని మేము చూచితిమి. ఇది మోసమునకు కొత్త ద్వారము. మరియొక హెచ్చరిక. డబ్బు పుచ్చుకొనుటకు రహస్య సంఖ్య వేయనక్కరలేదు. డబ్బు పంపెదము, సంఖ్య వేయుడు అన్నవాడు దొంగ. అట్లు పోగొట్టుకొన్నవారు తెల్లవారువరకు ఆగక వెంటనే 1930 నంబరునకు చెప్పవలెను.

రాజకీయ వార్తలే హోటలులో ఎక్కువ వేడి పుట్టించినవి. 2025 సెప్టెంబరులో మెట్రో రైలును కంపెనీనుండి రాష్ట్ర ప్రభుత్వము తీసికొనుటకు అంగీకారము కుదిరిన సంగతిపై ఇద్దరు దాదాపు చొక్కాలు పట్టుకొనిరి. ఇద్దరును ఒకే మండలమువారు. అటులనే భూముల సంగతి. ధరణి 2020 అక్టోబరు 29న వచ్చెను. దాని స్థానమున భూభారతి 2025 ఏప్రిల్ 14న వచ్చెను. ధరణి మేలా, భూభారతి మేలా యని రాత్రి వరకు వాదింపగలవారిని, "నీ పాసుపుస్తకములో సర్వే నంబరు, విస్తీర్ణము సరిగా నున్నవా?" యని అడిగినచో ఇంటికి పోయి చూడవలెనందురు. ప్రభుత్వములు మారినను తప్పుపడిన గుంటలు తమంతట తాము సరియగునని తలచుట పొరపాటు. అర్జీ పెట్టవలసినవాడు రైతే.

మేము ఓటును గూర్చి ఒక మాట చెప్పుదుము. శాసనసభకు మనము అయిదేండ్లకొకమారు ఓటు వేయుదుము. అచ్చట మన ఓటు లక్షలలో ఒకటి. సహకార సంఘములో ఎంత వాటా యున్నను ఒక సభ్యునకు ఒకే ఓటు. ఇచ్చట మన ఓటు వందలలో ఒకటి. లక్షలలో ఒకటియగు ఓటునకై స్నేహములు చెడగొట్టుకొని, వందలలో ఒకటియగు ఓటును సర్వసభ్య సమావేశము నాడు ఇంటనే విడిచిపెట్టుట మన వాడుక. ప్రాథమిక సంఘముల లెక్కలను కంప్యూటరులో ఎక్కించుటకు కేంద్రము 2022 జూనులో 63,000 సంఘములకై 2,516 కోట్ల రూపాయల పథకమును ఆమోదించెను. మంచిదే. కంప్యూటరు లెక్కను దాచదు, చూపదు. అడిగినవానికి చూపును. అడుగువాడు లేని సంఘములో పాత బస్తానీకిని కొత్త కంప్యూటరుకును భేదము లేదు.

ఇచ్చట ఒక సభ్యుడు మాకు అడ్డు చెప్పవచ్చును. "చీటి చదివిన మాత్రమున ఏమగును? ఆ అడ్తిదారు వద్ద నేను అప్పు తెచ్చుకొంటిని. తోటకు మందులు, బిడ్డకు ఫీజు అతడే యిచ్చెను. తూకము తప్పని నోరు విప్పిన, వచ్చే యేడు అప్పు పుట్టదు" అని. ఈ మాట సత్యము. బత్తాయి రైతు మాతో చివరకు, కుమారుడు లేచిపోయిన తరువాత, మెల్లగా చెప్పిన మాటయు ఇదియే. అతనికి 220 కిలోల సంగతి అంతగా తెలియక కాదు. తెలిసికొని చేయునదేమి యని చదువలేదు. మనము అజ్ఞానమని తలచినది చాలచోట్ల ఋణమే. ఋణమున్న చేతితో కాంటా ముల్లును పట్టుకొనుట కష్టము. ఇది తెలియక, చదువుకొనుడు చదువుకొనుడని రైతునకు నీతులు చెప్పువారిలో మేమును ఒకరమై యుంటిమి. ఆ సాయంత్రము సిగ్గుపడితిమి.

ఈ కారణముచేతనే సహకార సంఘము పుట్టినది. అమ్మునప్పటి కాంటాను విడిపించుటకు విత్తునప్పటి అప్పును విడిపింపవలెను. ములుకనూరు సంగతి మీరెరుగుదురు. 1956 సంవత్సరమున అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డిగారి ఆధ్వర్యమున ఆరంభమైన ఆ సంఘము, అప్పు ఇచ్చుటతో ఆగక, రైతునకు కావలసిన సామానును అమ్ముటయు, రైతు పంటను కొని అమ్ముటయు ఒకే కప్పు క్రింద పెట్టెను. అప్పు ఇచ్చుచోటును పంట తూచుచోటును రైతుదే యైనప్పుడు, తూకమును గూర్చి నోరు విప్పుటకు భయపడనక్కరలేదు. ఆ సంఘమును అరువది సంవత్సరములకు పైగా నిలబెట్టినది వార్తలు కాదు, నెలనెలా లెక్క అడిగిన సభ్యులు.

మన సంఘము అంత పెద్దది కాదు. అయినను మూడు పనులు ఈ యేడే చేయవచ్చునని మేము సూచించుచున్నాము.

ఒకటి, సంఘ కార్యాలయమున ఒక బైండు పుస్తకము నుంచవలెను. ఏ మార్కెట్టులో ఏ పంట అమ్మినను, సభ్యుడు తన ఊరి కాంటా చీటిని, తక్‌పట్టీని తెచ్చి అందులో ఎక్కింపవలెను. తేది, బయలుదేరిన బరువు, అమ్మిన బరువు, ధర, కమీషను, హమాలీ, ఇతరములు. అడ్తిదారు పేరు వ్రాయ నిష్టము లేనివారు వ్రాయనక్కరలేదు. ఒక కాపు గడచునప్పటికి నలుబది చీటీలు ప్రక్కప్రక్కన నిలుచును. ఒక్క చీటిని చూచి ఎవడైనను నవ్వును. నలుబది చీటీలను మార్కెట్టు కార్యదర్శి ముందుంచినప్పుడు నవ్వుట కష్టము.

రెండు, కాయ కోతలో ముగ్గురు నలుగురు సభ్యులు ఒకే దినమున కలసి లోడు పంపవలెను. వారిలో ఒకడు కాంటా వద్ద నిలువవలెను. దడువాయి ముల్లు చూచునప్పుడు ప్రక్కన నిలిచి అంకెను పైకి చదివిన చాలును. కలహింపనక్కరలేదు. ఆ రాత్రి నిద్ర చెడినవానికి తక్కినవారు కూలి లెక్క కట్టి యియ్యవలెను.

మూడు, అడ్తిదారు వద్ద అడ్వాన్సు పుచ్చుకొన్న సభ్యుల పట్టికను, బయట పెట్టక, పాలకవర్గమే సేకరించి, అందరికంటె తక్కువ బాకీ గల అయిదుగురిని ఈ సంవత్సరము సంఘపు అప్పుతో విడిపింపవలెను. పెద్ద బాకీదారుతో ఆరంభించినచో సంఘము మునుగును. చిన్నవారితో ఆరంభించినచో వచ్చే యేడు వారి కాయ సంఘమునకు బలమగును. వసూలు కాదేమోనను శంక గలవారు సమావేశమునకు వచ్చి ఆ శంకను అందరి యెదుట చెప్పవలెను. శంక కూడ లెక్కలో భాగమే.

మేము తిరిగి ఎల్.బి. నగర్ పోవుటకు రైలెక్కినప్పుడు చీకటి పడెను. కిటికీనుండి పాత పండ్ల మార్కెట్టు స్థలము కనబడెను. ఒకప్పుడు ఆ నేలమీద బత్తాయి రాసుల నడుమ పడుకొని తెల్లవారినవారిలో మేమును ఉంటిమి. ఇప్పుడచ్చట పెద్ద కట్టడములు లేచియున్నవి. ఆ రైతు రెండు చీటీలను మడిచి వేరువేరు జేబులలో పెట్టుకొనబోయి, ఆగి, రెంటిని ఒకే మడతగా మడిచి లోపలి జేబులో పెట్టుకొనెను. ఊరికి పోయి తన అన్నదమ్ములకు చూపెదననెను. అడ్తిదారుని అడుగునో లేదో మేము చెప్పజాలము. అప్పు తీరువరకు అడుగకపోవచ్చును. అడుగవలసిన అంకె మాత్రము అతనికి తెలిసినది.

సోదరులారా, వార్తలు వినుడు, వాదింపుడు, మీ పార్టీని మీరు పొగడుకొనుడు. అది పౌరుని హక్కు. కాని ఈ నెల సమావేశమునకు వచ్చునప్పుడు మీ వద్దనున్న ఆఖరి తక్‌పట్టీని వెంట తెండు. చదువురానివారికి చదివి చెప్పుటకు మేము ముందుగనే వచ్చి కూర్చుందుము.